ముందస్తు సాక్ష్యం

మా అత్తయ్య అసలు పేరు వీధిలో ఎవరికీ గుర్తులేదు. అందరూ సాక్ష్యమ్మ అంటారు, అదీ ఆవిడ చాటున. ఆదివారం ఆరాధనలో పాస్టరుగారు "దేవుడు చేసిన మేలు చెప్పదలచుకున్నవాళ్ళు ముందుకు రండి" అనడమే ఆలస్యం, మిగతావాళ్ళు గొంతు సవరించుకునేలోపే ఆవిడ మైకు ముందు ఉంటుంది. కడుపులో రాయి కరిగిపోయిన సాక్ష్యం. కిక్కిరిసిన బస్సులో కిటికీ పక్క సీటు దొరికిన సాక్ష్యం. పోయిందనుకున్న గరిటె ఫ్రిజ్ వెనకాల దొరికిన సాక్ష్యం. ఆ గరిటెను అక్కడ పడేసింది మా ఆయన. ఆ సంగతి బయటపెడితే దేవుడి మహిమకు లోటు వస్తుందని తల్లీకొడుకులిద్దరూ నా నోరు మూయించారు.

నాకు ఆవిడ సాక్ష్యాలంటే ఒళ్ళుమంట. ఆవిడంటే మాత్రం ప్రాణం. రెండూ ఒక ఇంట్లోనే ఉండటం వల్ల కాస్త ఇరుకుగా ఉండేది.

ఊళ్ళోకి కొత్త జ్వరం వచ్చింది. నేను మందుల షాపులో పనిచేస్తాను కాబట్టి అందరికంటే ముందు నాకే తెలిసింది. మొదట ఒళ్ళు కాలిపోతుంది, తర్వాత దగ్గు పట్టుకుంటుంది, కొందరికి ఆయాసం మొదలవుతుంది. ఆయాసం వచ్చినవాళ్ళు త్వరగా ఆస్పత్రికి వెళ్తే లేచి తిరుగుతున్నారు, ఆలస్యం చేస్తే లేవడం లేదు. ఈ ముక్కే ఇంట్లో అన్నం దగ్గర చెప్పాను. మా అత్తయ్య సగం వినకుండానే తలాడించి మాట మార్చేసింది. మరుసటి ఆదివారం మైకు పట్టుకుంది.

"సహోదరీ సహోదరులారా! ఊళ్ళో ఏదో జ్వరం తిరుగుతోందంట. తిరగనివ్వండి! నా గడప మాత్రం తొక్కదు. నమ్మకం ఉన్న ఇంట్లోకి అది రాదు. రాలేదని ఇవాళే సాక్ష్యం చెప్పేస్తున్నా, రాసిపెట్టుకోండి!"

సాక్ష్యం అంటే జరిగినదాని గురించి చెప్పేది. కోర్టులో ఎవడైనా బోనెక్కి "హత్య రేపు జరుగుతుందండీ, నేను కళ్ళారా చూశాను" అంటే జడ్జిగారు ముందు వాణ్ణే లోపల వేయిస్తారు. మా చర్చిలో హల్లెలూయా అన్నారు. పాస్టరుగారు మంచివారే గానీ, మైకులో బాగా వినిపించే మాట ఏదైనా సరే ఆయనకు నిజమనిపిస్తుంది. ఆ సాక్ష్యాన్ని ఫోనులో రికార్డు చేసి సంఘంలో అందరికీ పంపించారు. సాయంత్రానికల్లా మా అత్తయ్య గొంతు ప్రతి ఇంట్లోనూ మోగింది, మా ఇంట్లో రెండుసార్లు.

ఆ పై ఆదివారం పాస్టరుగారు అడిగారు. "మన సంఘంలో ఎవరికైనా జ్వరం సోకిందా? సోకినవాళ్ళు చేతులెత్తండి, ప్రార్థన చేద్దాం."

ఒక్క చెయ్యి లేవలేదు. ఎలా లేస్తుంది? నమ్మకం ఉన్న ఇంట్లోకి రాదని తేలిపోయాక, చెయ్యెత్తడమంటే నాకు నమ్మకం లేదని ఒప్పుకోవడమే. దగ్గు తన్నుకొచ్చినవాళ్ళు దాన్ని కప్పెట్టడానికి "స్తోత్రం!" అని కేక పెట్టారు. కళ్ళు ఎర్రబడినవాళ్ళు కన్నీటి ప్రార్థనలో ఉన్నట్టు తలలు దించుకున్నారు. ఇంత ఉజ్జీవంగా ఆరాధన జరిగి ఎన్నాళ్ళయిందోనని పాస్టరుగారు పొంగిపోయారు.

మర్నాటి నుంచి వాళ్ళంతా ఒక్కొక్కరే నా కౌంటరు దగ్గరికి వచ్చారు. సంఘపెద్దగారు జ్వరం బిళ్ళలు తీసుకున్నారు, ఊరి నుంచి వచ్చిన బంధువు కోసమట. స్త్రీల సమాజం అధ్యక్షురాలు కుక్క కోసం అడిగింది. ఆవిడ ఇంట్లో కుక్క ఉన్నట్టు నేనెప్పుడూ వినలేదు.

"కుక్క బరువెంతుంటుందండీ? దాన్ని బట్టి ఇవ్వాలి," అన్నాను.

ఆవిడ కాస్త ఆలోచించింది. "రమారమి నా అంత ఉంటుందమ్మా."

మా ఎదురింట్లో ఉండే పాటల మాస్టారు, అంటే మా చర్చి గాయకబృందాన్ని నడిపించే ఆయన, వేలికి తగిలించి ఊపిరి ఎంత అందుతోందో చూసే మిషను కొన్నారు. "ఎవరికండీ మాస్టారూ?" అంటే "వేలికమ్మా" అన్నారు. "ఎవరి వేలికి?" అంటే నేల చూపులు చూశారు. ఆ ఇంట్లో ఎవరికో జబ్బు ముదిరిందని అర్థమైంది. అయినా కౌంటరు దగ్గర విన్నమాట వీధిలో అనకూడదని మా ఓనరుగారి ఖచ్చితమైన ఆజ్ఞ. అది న్యాయమైన ఆజ్ఞే కాబట్టి నోరు కుట్టేసుకున్నాను.

ఇటు మా ఇంటికి తాకిడి మొదలైంది. జ్వరం తొక్కని గడప కదా, తొక్కడానికి జనం బారులు తీరారు. సాక్ష్యమ్మగారు తల మీద చెయ్యి పెడితే చాలని వాళ్ళ ఆశ. ఆవిడ కాదనకుండా అందరి తల మీదా చెయ్యి పెట్టింది, అందరి దగ్గునూ మొహాన వేయించుకుంది. గుడ్డ కట్టుకోండి అత్తయ్యా అంటే, గుడ్డ కట్టుకుంటే ప్రార్థన స్పష్టంగా వినబడదంది. దేవుడికి చెవుడా అని అడిగాను. ఆ రోజంతా నాతో మాట్లాడలేదు.

తర్వాత ఒక మధ్యాహ్నం మళ్ళీ అదే సంగతి ఎత్తాను. ఊళ్ళో పరిస్థితి, ఆస్పత్రిలో మంచాలు, ఆయాసం వస్తే చేయాల్సింది, అంతా మొదటి నుంచి చివరి దాకా చెప్పాను. చెప్పడం అయిపోయాక ఉలిక్కిపడ్డాను. ఇన్నేళ్ళ కాపురంలో మా అత్తయ్య నన్ను ఒక్క మాట పూర్తి చేయనివ్వలేదు. అప్పుడు అర్థమైంది, ఆవిడకు ఒంట్లో బాగాలేదని.

నుదురు పట్టుకోబోతే తోసేసింది. "పొయ్యి దగ్గర నించున్నా, అందుకే వేడి."

"మనం పొయ్యి వెలిగించి ఎంతసేపయింది? థర్మామీటరు పెట్టుకోండి."

పెట్టుకుంది. తీసి చూస్తే, ఆ లెక్క ప్రకారం ఆవిడ చనిపోయి చాలాసేపయింది. చంకలో తడిగుడ్డ దోపుకుని, దాని మీద పెట్టుకుంది మహాతల్లి. గుడ్డ లాగేసి మళ్ళీ పెట్టించాను. ఈసారి పాదరసం ఆగమన్నా ఆగలేదు.

"పదండి ఆస్పత్రికి."

"రాను."

"అత్తయ్యా!"

"అరవకు. గోడకి చెవులుంటాయి. నేను ఆస్పత్రి బండెక్కితే వీధంతా చూస్తుంది. ఇన్నాళ్ళూ రాదు రాదని చెప్పినదాన్ని. నా పరువు పోతే పోయింది, దేవుడి పరువేం కావాలి?"

"దేవుడి పరువు మీ చంకలో థర్మామీటరు మీద ఆధారపడి ఉందా?"

"నీకు తెలీదు. నా మాట మీద ఎంతమంది ధైర్యంగా ఉన్నారో నీకేం తెలుసు!"

నాకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. మా ఆయన్ని పిలిచాను. ఆయన ఎలక్ట్రీషియను, చర్చి మైకు సెట్టు బాధ్యత కూడా ఆయనదే. ఎంత కరెంటునైనా చేత్తో పట్టుకుంటాడు గానీ వాళ్ళమ్మ మాటను ముట్టుకోడు. "అమ్మకేం కాదే, అమ్మే చెప్పింది కదా" అన్నాడు. ఆ క్షణాన తల్లితో పాటు ఈయనకీ ఒక స్ట్రెచర్ అవసరమయ్యేలా చేద్దామా అనిపించింది.

కోపం నాకు ముక్కు మీద ఉంటుంది, నిజమే. ఆ పూట దాని వెనకాల ఉన్నది భయం. ఒకప్పుడు నాకు కడుపు పోయింది. వీధిలో ఎవరికీ తెలియదు, మోస్తున్నానని తెలిసేలోపే పోయింది. అప్పుడు మా అత్తయ్య నా పక్కన కూర్చుంది. దేవుడి చిత్తం అనలేదు. మళ్ళీ పుడతార్లే అనలేదు. నోరున్న మనిషి ఒక్క మాట అనకుండా నా తల ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. దుప్పట్లు నన్ను చూడనివ్వకుండా తనే ఉతికేసింది. ఆదివారం నేను చర్చికి ఎందుకు రాలేదని ఎవరూ ఆరా తీయకుండా, మైకు ముందుకు వెళ్ళి బస్సులో కిటికీ పక్క సీటు దొరికిన సంగతి అరగంట చెప్పింది. ఆ మనిషి పోతే నేను ఏమైపోవాలి? నా భయమంతా అదే.

అందుకే ఓనరుగారి ఆజ్ఞను పేర్లు లేకుండా కాస్త వంచాను. "అత్తయ్యా, మన వీధిలో ఎవరింట్లో కుక్క ఉంది?"

"ఎవరింట్లోనూ లేదు. ఎందుకూ?"

"కుక్కకని జ్వరం బిళ్ళలు కొన్నారు. రాని బంధువులకని కొన్నారు. మీ మాట మీద ధైర్యంగా ఉన్నవాళ్ళు ఎవరూ లేరు. మీ మాటకి భయపడి దాక్కున్నారు, మీరిప్పుడు దాక్కున్నట్టే."

ఆవిడ గోడవైపు తిరిగి పడుకుంది. విన్నదో లేదో తెలియలేదు. ఇంతలో వీధి తలుపు చప్పుడైంది.

పాటల మాస్టారు. లోపలికి రాలేదు, మెట్ల కిందే నిలబడ్డారు. చొక్కా గుండీలు ఒకదానికొకటి తప్పాయి. గాయకబృందంలో ఒక్క స్వరం తప్పితే బెత్తంతో బల్ల కొట్టే మనిషి.

"పిన్నిగారున్నారా అమ్మా? ఒక్కసారి మా ఇంటికొచ్చి చెయ్యి పెడతారేమోనని. మా ఇంట్లో... దానికి విశ్వాసం కొంచెం తక్కువైనట్టుంది."

ఆయన భార్యను నేను అక్కా అంటాను. మా చర్చి పాటల్లో అందరికంటే పైన వినబడే గొంతు ఆవిడది. "విశ్వాసం తక్కువైందంటే ఏమిటండీ మాస్టారూ? సరిగ్గా చెప్పండి," అన్నాను.

"పడుకుంటే ఆయాసం, కూర్చుంటే ఆయాసం. పెదాలు నీలంగా ఉన్నాయి. ఆ మిషను బాగా తక్కువ చూపిస్తోందమ్మా. పాడైందేమోనని నా వేలికి పెట్టుకున్నా. నాకు బాగానే చూపిస్తోంది."

నేను ఆస్పత్రి బండికి ఫోను కలుపుతుండగా వెనకాల తలుపు తెరుచుకుంది. మా అత్తయ్య గోడ పట్టుకుని నిలబడి ఉంది. జుట్టు చెదిరి, కళ్ళు జ్వరానికి మెరుస్తూ, చూడటానికే భయంగా ఉంది.

"తక్కువైంది విశ్వాసం కాదు నాయనా, ఊపిరి. ఇన్నాళ్ళూ ఆస్పత్రికెందుకు తీసుకెళ్ళలేదు?"

ఆయన తల ఎత్తలేదు. "మీరే కదండీ పిన్నిగారూ అన్నారు, నమ్మకం ఉన్న ఇంట్లోకి రాదని. తీసుకెళ్తే అందరికీ తెలిసిపోతుంది. అది వద్దంది. చచ్చినా వద్దంది."

ఆయన మాటలో నిందేమీ లేదు. ఉంటే బాగుండేది, మా అత్తయ్య ఎదురు దెబ్బలాడి నిలదొక్కుకునేది. నింద లేకపోయేసరికి పక్కనున్న కుర్చీలో కూలబడింది. కాసేపు తన అరచేతుల్నే చూసుకుంది, అందరి తలల మీదా పెట్టిన చేతుల్ని. తర్వాత కొడుకుని పిలిచింది.

"ఒరే, మైకు సెట్టు ఎక్కడుంది?"

"నీ మంచం కిందే అమ్మా." చర్చి కప్పు కారుతుందని ఆ పెట్టె మా ఇంట్లోనే ఉంటుంది. గోడ అవతలే చర్చి, చర్చి గోడకు వీధంతా వినబడే హారను.

"తియ్యి. వైరు కలుపు."

"ఇప్పుడా? ఎందుకమ్మా?"

"సాక్ష్యం చెప్పాలి."

నేను బండివాళ్ళకు మా వీధి ఆనవాళ్ళు చెప్పి ఫోను పెట్టేశాను. ఈ స్థితిలో కూడానా అని నోటిదాకా వచ్చింది. ఆవిడ మొహం చూసి మింగేశాను.

మా ఆయన వైరు కిటికీలోంచి లాగి కలిపాడు. అలవాటు మానుకోలేక "హలో, మైక్ టెస్టింగ్" అని కూడా అన్నాడు. మా అత్తయ్య మైకు లాక్కుంది. మండుటెండ, తలుపులన్నీ మూసి వీధంతా బిక్కుబిక్కుమంటూ ఉంది. హారనులో ముందు దగ్గు వినబడింది. చాలాసేపు దగ్గు.

"వందనాలు. నేనే, సాక్ష్యమ్మని." ఆ పేరు ఆవిడకు తెలుసని మాకు అప్పటిదాకా తెలియదు. "నాకు జ్వరం వచ్చింది. వచ్చి కొన్నాళ్ళయింది, తడిగుడ్డ పెట్టి దాచా. నా గడప తొక్కదని దేవుడు నాకెప్పుడూ చెప్పలేదు. నేనే ఆయన తరఫున మాటిచ్చేశా, ఆయన్ని అడక్కుండా. ఆయన తప్పేం లేదు, నోరు నాది. ఈ జ్వరానికి ఎవరి నమ్మకం ఎంతో తెలీదు, ముక్కుంటే చాలు దూరుతుంది. నా మాట విని జ్వరాన్ని దాచుకున్నవాళ్ళు ఉన్నారు. సిగ్గుపడాల్సింది నేను, మీరెందుకమ్మా? కిటికీలు తెరిచి చెప్పండి, ఎవరింట్లో ఎవరికుందో. నేను ఆస్పత్రికి పోతున్నా. ముందు గుమ్మంలోంచే పోతున్నా, చూడదలచుకున్నవాళ్ళు బాగా చూడండి. ఇదే నా సాక్ష్యం. ఆమేన్."

ఎవరూ ఆమేన్ అనలేదు. తర్వాత మూడిళ్ళ అవతల ఒక కిటికీ కిర్రుమంది.

"మా ఇంట్లో కుక్క లేదు!" అని అరిచింది స్త్రీల సమాజం అధ్యక్షురాలు. "బిళ్ళలన్నీ నాకే!"

"మా బంధువులెవరూ రాలేదు!" పక్క మేడ మీంచి సంఘపెద్దగారు. "నాకూ, మా అబ్బాయికీ!"

ఒకదాని వెంట ఒకటి కిటికీ రెక్కలు తెరుచుకున్నాయి. "మా ఇంట్లో ముగ్గురికి!" "మా అమ్మకి!" "మా అల్లుడికి!" చేతులెత్తమంటే ఎత్తనివాళ్ళు ఇప్పుడు పోటీలు పడి అరుస్తున్నారు. చివరికి చర్చికి అవతలి పక్కనున్న ఇంటి తలుపు తెరుచుకుని, అంత ఎండలో దుప్పటి కప్పుకుని పాస్టరుగారు బయటికొచ్చారు. "సంఘస్థులారా, నేను కూడా మీలో ఒకణ్ణే..." అని ప్రసంగంలా మొదలుపెట్టారు. లోపలి నుంచి వాళ్ళావిడ, "జ్వరమని చెప్పండి చాలు, మొన్నటి నుంచీ మొత్తుకుంటున్నా!" అంది.

బండి వచ్చింది. అక్కని ఎక్కించారు. బండిలో ఒక్కటే మంచం, మంచం దగ్గర ఒక్కటే ఆక్సిజన్ సిలిండరు. మా అత్తయ్యను చూసి బండివాడు ఇంకో బండి రావాలన్నాడు. "నేను కూర్చుంటానయ్యా, ఆ గొట్టం మాత్రం దానికే పెట్టు," అని ఆవిడ ఎక్కి అక్క పాదాల దగ్గర కూర్చుంది. అన్న మాట ప్రకారం ముందు గుమ్మంలోంచే వెళ్ళింది. కిటికీల్లోంచి అందరూ చూశారు. ఎవరూ నవ్వలేదు.

ఆస్పత్రి బయట బెంచీ మీద నేను ప్రార్థన చేశానా అని అడగకండి. దేవుడితో దెబ్బలాడాను. ఆవిడ నోరు నీకంత కష్టంగా ఉంటే నోరు తీసేసుకో, మనిషిని నాకిచ్చెయ్ అన్నాను. కాసేపటికి, నోరు కూడా ఉంచు అన్నాను.

వీధిలో మాత్రం పని నడిచింది. చర్చి కిటికీలకు ఏ రంగు తెరలు కట్టాలో తేల్చుకోలేక ఏళ్ళ తరబడి మాటలు మానేసిన స్త్రీల సమాజం, చర్చి విందు గిన్నెలు బయటికి తీసి పొద్దున్నే జావ కాచడం మొదలుపెట్టింది. మంచానపడ్డవాళ్ళ గుమ్మాల ముందు ముంతలు పెట్టి, తలుపు కొట్టి, దూరంగా నిలబడేవాళ్ళు. జ్వరం వచ్చి తగ్గినవాళ్ళు మిగతావాళ్ళ బట్టలు ఉతికారు. అధ్యక్షురాలు తన జ్వరం తగ్గాక ఇంటింటికీ నా షాపు మందులు మోసింది. ఆవిణ్ణి చూడగానే పిల్లలు భౌ భౌ అనేవాళ్ళు, ఆవిడా తిరిగి భౌ అనేది. పాటల మాస్టారు బెత్తం పక్కనపెట్టి బకెట్టు పట్టుకున్నారు. ప్రార్థనలు ఆగలేదు. చేతులు ఖాళీ లేక కళ్ళు తెరిచే చేసుకున్నారు.

మా అత్తయ్య తిరిగొచ్చింది, నోటితో సహా. గుమ్మంలో అడుగుపెడుతూనే నేను వంటింటిని ఎంత దరిద్రంగా ఉంచానో చెప్పడం మొదలుపెట్టి ఊపిరాడక మధ్యలో ఆపింది. నేను గోడకు తల ఆన్చి ఏడ్చాను. మా ఆయన నన్ను చూసి తనూ ఏడ్చాడు.

అక్క చాలా ఆలస్యంగా వచ్చింది. ప్రాణం దక్కింది గానీ ఊపిరితిత్తులు సగం పనిచేయడం లేదన్నారు. నాలుగు అడుగులేస్తే కూర్చోవాలి. పై స్వరం సంగతి ఎవరూ ఎత్తలేదు. ముందే తీసుకొచ్చి ఉంటే ఇంత దాకా వచ్చేది కాదని డాక్టరు అన్నప్పుడు మా అత్తయ్య పక్కనే ఉంది.

ఆ మర్నాటి నుంచి పొద్దున్నే వీధి దాటి ఎదురింటికి వెళ్ళేది. నేను షాపు నుంచి వస్తూ కిటికీలోంచి చూసేదాన్ని. ఒకరోజు అక్క తల దువ్వుతూ ఉండేది. ఒకరోజు మంచం కింద బేసిను తీసి కడుగుతూ ఉండేది. ఒకరోజు ఇద్దరూ ఉప్పు గురించి పోట్లాడుకుంటూ ఉండేవాళ్ళు, అక్క ఊపిరి తీసుకునేదాకా మా అత్తయ్య తన వంతు ఆపి మరీ పోట్లాడేది.

జ్వరాల రోజుల్లో మూసేసిన చర్చి మళ్ళీ తెరిచారు. ఖాళీ అయిన కుర్చీలు కొన్ని ఉన్నాయి, వాటిలో ఎవరూ కూర్చోలేదు. పాటలయ్యాక పాస్టరుగారు సాక్ష్యాలకు పిలిచారు. అందరి తలలూ మావైపు తిరిగాయి. పాస్టరుగారు మైకు ఇవ్వడానికి సిద్ధంగా, కొంచెం బెదురుగా కూడా చూశారు.

"ఈ వారం నా దగ్గరేం లేదండీ పాస్టరుగారూ. కూర్చుని వింటా," అంది మా అత్తయ్య.

చర్చి అంతా నివ్వెరపోయింది. అప్పుడు మా అత్తయ్య పక్కన కూర్చున్న అక్క ముందు కుర్చీ పట్టుకుని మెల్లగా లేచింది. "నేను చెప్తానండీ. రోజూ పొద్దున్నే వచ్చి పిన్నిగారు నాకు..." అంది. అక్కడికే ఆయాసం వచ్చింది.

మా అత్తయ్య చెయ్యి పట్టుకుని కిందికి లాగేసింది. "కూర్చోవే పిచ్చిదానా! ఆ ఉన్న ఊపిరి పాటకి దాచుకో."

అక్క కూర్చుంది. మా అత్తయ్య ఆ చెయ్యి వదల్లేదు. నాకు ఆ దుప్పట్లు గుర్తొచ్చాయి, మైకులో ఎన్నడూ వినబడని దుప్పట్లు. పాటల మాస్టారు తర్వాతి పాటను మామూలుకంటే కింది స్వరంలో ఎత్తుకున్నారు, అక్కకు అందేలా.